బరువు ఎక్కువని ప్రీమియం పెంచినారు. నిజంగా ఆయుష్షు తగ్గుతుందా?

పాత్రల అంగడి (తిరుపతి, కొర్లగుంట)
మంగళవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నాకు 46. పాత్రల అంగడి పెట్టుకోని ఉండా. ఎత్తు 168 సెం.మీ., బరువు 88 కిలోలు. పాప పెద్దదవతా ఉందని ఒక టర్మ్ పాలసీ (నేను పోతే ఇంట్లోవాళ్ళకి డబ్బులొచ్చే బీమా) తీసుకుందామని పోయినా. రక్తం, మూత్రం, ఈసీజీ అన్నీ చూసినారు. షుగరు లేదు. బీపీ 138/88, రొంత పైన. వారం పోయినాక ఫోను: "సార్, మీ బరువు వల్ల ప్రీమియం పెరుగుతుంది." ఎంతయ్యా అంటే నాలుగో వంతు ఎక్కువ కట్టాలంట. సిగరెట్టు లేదు, మందు లేదు, ఒక్క రోజు ఆసుపత్రిలో పడుకున్నది లేదు. కంపెనీ పేరు రాయను, నాకు గొడవలొద్దు.

నా నడుము చూసి నేను ఎప్పుడు పోతానో వాళ్ళకెట్ల తెలిసింది? మా నాయన సన్నగా గడకర్ర మాదిరి ఉండేవాడు, 58కే గుండెపోటుతో పోయినాడు. బరువుకీ ఆయుష్షుకీ నిజంగా లెక్క ఉందా, లేకుంటే ఇది డబ్బులు లాగే సాకా? తెలిసినవాళ్ళు చెప్పండి.

సందేహాల సుబ్బడు (చిత్తూరు)
మంగళవారం, రాత్రి 11:05

సాకే అన్నా, ఇంకేంది. మా తాత బాన పొట్టతో 91 ఏళ్ళు బతికినాడు. పొద్దున్నే సంగటి, మధ్యాహ్నం సంగటి, రాత్రికి నాటుకోడి. బీఎంఐ (ఎత్తుకి బరువెంతో చూపే లెక్క) అనే మాట ఆయన చెవిన కూడా పడలేదు.

2388 మెట్లు (తిరుపతి)
బుధవారం, ఉదయం 5:50

సుబ్బడుగారూ, మీ తాతగారు పొద్దున్నుంచీ మడికాడ ఉండేవారా, అంగట్లో కుర్చీలో కూర్చునేవారా? ఆ సంగతి కూడా రాస్తే బాగుంటుంది.

నేను బీమా ఆఫీసులో 34 ఏళ్ళు పనిచేసి దిగినవాణ్ణి. పాత్రల అంగడి బాబూ, నీ కోపం న్యాయమే గానీ అది నిన్ను చూసి కట్టిన లెక్క కాదు. ఈ విషయం డాక్టర్లకంటే ముందు పట్టింది బీమావాళ్ళే. చావుల లెక్క వాళ్ళ వ్యాపారం కదా. పాలసీ ఇచ్చేటప్పుడు ఎత్తు, బరువు రాసుకున్నారు. మనిషి పోయినప్పుడు తేదీ రాసుకున్నారు. లక్షల ఫైళ్ళు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ఎత్తున్న వాళ్ళలో బరువైనవాళ్ళ క్లెయిములు ముందుగా వస్తున్నాయి. అమెరికాలో మెట్రోపాలిటన్ లైఫ్ కంపెనీ 1940ల మొదట్లోనే "ఈ ఎత్తుకి ఇంత బరువు" అని పట్టికలు వేసింది, 1959లో మళ్ళీ సవరించింది. ఇప్పుడు అందరూ అనే బీఎంఐ సూత్రం బెల్జియం గణిత పండితుడు కెట్లే 1830లలో కట్టినదే. ఆ పేరు మాత్రం 1972లో ఆన్సెల్ కీస్ పెట్టాడు.

బీమా లెక్క గుంపు గురించి చెబుతుంది. ఆ గుంపులో నువ్వెవరో దానికి తెలియదు. అందుకే నాయన సన్నగా ఉండి 58కి పోవడం, తాత లావుగా ఉండి 91 దాకా ఉండడం రెండూ ఆ పట్టికలో ఇముడుతాయి.

తిరుమల మెట్లెక్కే టైమయింది, మిగతాది సాయంత్రం.

గ్రీమ్స్‌పేట వైద్యుడు (చిత్తూరు)
బుధవారం, మధ్యాహ్నం 2:30

ఓపీ అయిపోయింది, తీరిగ్గా రాస్తున్నా.

అంగడి అన్నా, 88ని 1.68తో భాగించండి, వచ్చినదాన్ని మళ్ళీ 1.68తో భాగించండి. 31.2 వస్తుంది, అదే మీ బీఎంఐ. 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద లెక్క వచ్చింది. 57 అధ్యయనాలు, దాదాపు 9 లక్షల మంది. అందులో అందరికంటే తక్కువ చావులు బీఎంఐ 22.5 నుంచి 25 మధ్య ఉన్నవాళ్ళలో. 30 నుంచి 35 మధ్య ఉన్నవాళ్ళ ఆయుష్షు సగటున 2 నుంచి 4 ఏళ్ళు తగ్గింది. బీఎంఐ 40 నుంచి 45 మధ్య ఉన్నవాళ్ళకి 8 నుంచి 10 ఏళ్ళు, అంటే జీవితమంతా సిగరెట్టు కాల్చినంత. మీరు ఆ 2-4 ఏళ్ళ గదిలో ఉన్నారు. మీ కంపెనీ అడిగిన డబ్బు ఆ గది అద్దె అనుకోండి.

22.5కి కిందికి పోయినా చావులు పెరిగాయి. బక్కపలచగా ఉండడం కూడా మంచిది కాదు.

అది ఎక్కువగా యూరప్, అమెరికా జనం లెక్క. మన ఒంటి తీరు వేరు, తక్కువ బరువుకే షుగరు, బీపీ పట్టుకుంటాయి. అందుకే మనకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లో మన దేశపు డాక్టర్లు గీత కిందికి జరిపారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ 25 దాటిన ఆడవాళ్ళు దేశం మొత్తం మీద 24 శాతం, మన ఆంధ్రలో 36 శాతం. అది 25 గీతతో. 23తో లెక్కేస్తే ఎంతమంది మిగులుతారో మీరే ఊహించుకోండి.

సందేహాల సుబ్బడు (చిత్తూరు)
బుధవారం, రాత్రి 9:15

డాక్టరుగారూ, నేను ఊరికే నోరు పారేసుకునే రకం కాదు, చదివే మాట్లాడతా. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో పది లక్షల మందికి పైగా ఆసియా వాళ్ళ మీద లెక్క వచ్చింది. అందులో భారత్, బంగ్లాదేశ్ వాళ్ళకి బరువెక్కువైతే చావులు పెరగలేదు. సన్నగా ఉన్నవాళ్ళే ఎక్కువ పోయినారు. దీనికేమంటారు?

2388 సార్‌కి: మా తాత మడికాడే ఉండేవాడు. ఆ ముక్క మీద గెలుపు మీదే.

గ్రీమ్స్‌పేట వైద్యుడు (చిత్తూరు)
బుధవారం, రాత్రి 10:20

అబద్ధం కాదు సుబ్బడుగారూ, మీరు చెప్పినట్టే ఉంది అందులో. ఈ మాట ఎత్తినందుకు సంతోషం.

మన దగ్గర సన్నగా ఉండడమనేది చాలామందికి లేమి వల్ల వచ్చింది. టీబీ, పొగాకు, కడుపు నిండని కాలం మనిషిని ముందు చిక్కిస్తాయి, తర్వాత తీసుకుపోతాయి. కాగితం మీద చూస్తే సన్నదనమే చంపినట్టు కనిపిస్తుంది. అప్పట్లో ఆ గుంపుల్లో నిజంగా లావున్నవాళ్ళు కూడా కొద్దిమందే. ఈ చిక్కు తీయడానికే 2016లో ఇంకో లెక్క కట్టారు. మొత్తం 239 అధ్యయనాలు. అందులో ఎన్నడూ పొగ తాగనివాళ్ళని, పాత జబ్బులు లేనివాళ్ళని, మొదటి అయిదేళ్ళలో పోనివాళ్ళని మాత్రమే ఏరారు. అట్లా చూసినప్పుడు 25 దాటిన కొద్దీ చావులు పెరుగుతూ పోయాయి, ఆసియాలో కూడా.

అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. మన జనానికి కాటా ఒక్కటే చూస్తే మోసపోతాం.

మామిడితోట (బంగారుపాళ్యం)
గురువారం, ఉదయం 7:10

ఆ మోసపోయినోడు నేనే సార్. 170 ఎత్తు, 62 బరువు. బీఎంఐ 21న్నర. ఊళ్ళో అందరూ "నీకేంరా, కట్టె మాదిరి ఉండావు" అనేవాళ్ళు. 41 ఏళ్ళకి కాలికి ముల్లు గుచ్చుకుంటే మూడు వారాలు మానలేదు. చూపిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 8.4, అంటే షుగరు వచ్చేసింది. డాక్టరు చొక్కా పైకెత్తమన్నాడు. చేతులు, కాళ్ళు పుల్లలు, మధ్యలో చిన్న కుండ. నడుము 91.

గ్రీమ్స్‌పేట వైద్యుడు (చిత్తూరు)
గురువారం, మధ్యాహ్నం 3:00

మామిడితోట రాసింది మన ప్రాంతం మొత్తం కథ.

2004లో లాన్సెట్‌లో ఒక ఫొటో వచ్చింది. ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఉంటారు, ఒకరు పుణె యాజ్నిక్ గారు, ఇంకొకరు ఇంగ్లండ్ యడ్కిన్ గారు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే యడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్నిక్‌కి 21.2 శాతం. కాటా ఇద్దర్నీ ఒకటే అంది.

తొడల మీద, పిరుదుల మీద చర్మం కింద ఉండే కొవ్వు అంత చెడ్డది కాదు. కడుపు లోపల పేగుల చుట్టూ, కాలేయంలో చేరేది వేరే రకం. అది ఊరికే కూర్చోదు. అక్కడినుంచి కొవ్వు నేరుగా కాలేయానికి పోతుంది, ఇన్సులిన్ మాట ఒళ్ళు వినడం మానేస్తుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు ఎక్కుతుంది, బీపీ పెరుగుతుంది. ఆయుష్షు తినేది ఈ గొలుసు. దీనికి తోడు అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ 2016లో 13 రకాల క్యాన్సర్లకి అధిక కొవ్వుతో సంబంధం ఉందని తేల్చింది.

అందుకే టేపు తీసుకోండి. మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెం.మీ. దాటకూడదు. ప్యాంటు సైజు లెక్క చెప్పొద్దు. మన మగవాళ్ళు పొట్ట కింద బెల్టు కట్టి "ఇరవై ఏళ్ళుగా నాది 34" అంటుంటారు. అడుగు పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్యలో టేపు పెట్టాలి. ఊపిరి వదిలేశాక చూడాలి, పొట్ట లోపలికి లాక్కోకూడదు.

పాత్రల అంగడి (తిరుపతి, కొర్లగుంట)
గురువారం, రాత్రి 10:55

మా ఆడమనిషి దగ్గర కుట్టుమిషను టేపు తీసుకోని కొలిపించుకున్నా. 104. ఆమె టేపు తిరగేసి రెండోసారి కొలిచింది. 104. నాది కూడా "34"నే సార్, ఇరవై ఏళ్ళుగా.

కోట జిమ్ము (చంద్రగిరి)
శుక్రవారం, ఉదయం 6:30

అన్నా భయపడొద్దు. అన్నం, సంగటి, దోశ మొత్తం బంద్ చెయ్. కోడిగుడ్లు, చికెను, పన్నీరు, ఒక ప్రొటీన్ డబ్బా. నెలకి 10 కిలోలు గ్యారంటీ. నేను చేసినా.

పితికిపప్పు (చిత్తూరు, కొంగారెడ్డిపల్లె)
శుక్రవారం, ఉదయం 11:40

తమ్ముడూ, నీకు 24 ఏళ్ళుంటాయి, వంట మీ అమ్మ చేస్తుంది. అంగట్లో పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా ఉండే మనిషి ఎన్నాళ్ళు చికెను ముక్కలు తింటాడు? నేనూ రెండుసార్లు అట్లా తగ్గి మూడుసార్లు పెరిగినా.

అంగడి అన్నా, నాది చెప్తా. నాకు 43, గవర్నమెంటు బళ్ళో టీచరు. 76 నుంచి 67కి రావడానికి ఏడాదిన్నర పట్టింది. జిమ్ము లేదు, పొడి లేదు. అంతా నూనె క్యానుతో మొదలైంది.

మా ఇంట్లో నలుగురం. నెలకి అయిదు లీటర్ల శెనక్కాయ నూనె క్యాను అయిపోయేది. ఒకరోజు కూర్చోని లెక్కేసినా. అయిదు లీటర్లంటే నాలుగున్నర కిలోల పైచిలుకు, గ్రాముకి 9 క్యాలరీలు. నలుగురికి ముప్పై రోజులకి పంచితే మనిషికి రోజుకి 340 క్యాలరీల పైనే, కేవలం నూనెలోనే! బయట తిన్న ఉర్లగడ్డ బోండా దీంట్లో లేదు. అన్నం మానేసి ఏడ్చే బదులు ఇది పట్టుకుందామనుకున్నా. సీసా నుంచి వంచడం మానేసి బాణలిలోకి స్పూనుతో కొలిచి పోయడం మొదలుపెట్టినా. మొదటి నెల కూరలన్నీ అడుగంటినాయి, మా ఇంటాయన గొణుక్కుంటానే తిన్నాడు. మందం బాణలి కొన్నాక, ఎర్రగడ్డలకి రొంత నీళ్ళు చల్లి మూత పెట్టడం అలవాటయినాక సరిపోయింది. ఇప్పుడు నెలకి రెండున్నర లీటర్లు.

రెండోది సంగటి. మనూళ్ళో అందరూ "సంగటి తింటే బరువు పెరగరు" అంటారు. మా అవ్వ ముద్ద చేసేది పిడికిలంత. నేను చేసేది చెంబంత! పైగా బియ్యం సగం, రాగిపిండి సగం. ఇప్పుడు ముద్ద చిన్నదయింది, పక్కన చింతాకు పప్పు, ఆకుకూర పెద్దవయినాయి. ఊరిబిండి మాత్రం మానలేదు, మానేదీ లేదు.

చలికాలంలో అనపకాయలు వస్తే పితికిపప్పు కూర వారానికి మూడుసార్లు. ఈ పేరు పెట్టుకోని దాన్ని వదిలిపెడతానా?

గ్రీమ్స్‌పేట వైద్యుడు (చిత్తూరు)
శుక్రవారం, సాయంత్రం 4:15

అక్క రాసింది నేను పేషెంట్లకి చదివి వినిపిస్తా. రాగుల్లో పీచు ఉంది, కాల్షియం పాలకంటే మూడు రెట్లు ఉంది, కానీ పిండి పదార్థం కూడా మెండుగానే ఉంది. ముద్ద సైజే అసలు విషయం.

అన్నా, మీరు 65 కిలోలకి రావాలని కలలు కనొద్దు. 2002లో అమెరికాలో షుగరు అంచున ఉన్నవాళ్ళ మీద ఒక ప్రయోగం చేశారు. లక్ష్యం బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం. అంతే. షుగరు వచ్చేవాళ్ళు 58 శాతం తగ్గారు. మీ 88లో 7 శాతం అంటే ఆరు కిలోలు.

2006లో చెన్నై రామచంద్రన్ గారి బృందం మనవాళ్ళ మీద ఇలాంటిదే చేసింది. మనవాళ్ళకి బరువు పెద్దగా తగ్గలేదు. అయినా షుగరు వచ్చేవాళ్ళు 28 శాతం పైగా తగ్గారు. కాటా కదల్లేదని నడక మానేసేవాళ్ళు రోజూ కనిపిస్తారు నాకు, వాళ్ళకోసం ఇది రాస్తున్నా.

ఇంకోవైపు కూడా చెప్పాలి. షుగరు వచ్చాక తగ్గితే? అమెరికాలో 5 వేల మందికి పైగా షుగరు పేషెంట్లని దాదాపు పదేళ్ళు చూశారు. బరువు తగ్గినవాళ్ళకి మందులు తగ్గాయి, నిద్ర బాగుపడింది, కానీ గుండెపోట్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. నలభైల్లో పెరగకుండా ఆపుకోవడానికీ అరవైల్లో తగ్గించుకోవడానికీ చాలా తేడా ఉంది.

2388 మెట్లు (తిరుపతి)
శుక్రవారం, రాత్రి 8:00

డాక్టరుగారూ, నాకు 67. నిరుడు 71 కిలోలుండేవాణ్ణి, ఇప్పుడు 66. ఏమీ మార్చలేదు, అదే తిండి, అవే మెట్లు. అందరూ "బాగా తగ్గారు సార్, రహస్యమేంటి" అంటున్నారు. సంతోషించాలా?

గ్రీమ్స్‌పేట వైద్యుడు (చిత్తూరు)
శుక్రవారం, రాత్రి 8:12

సంతోషించకండి సార్. ఈ వారంలోనే ఎవరికైనా చూపించండి. మనం కావాలని తగ్గకుండా ఏడాదిలో 5 శాతం తగ్గితే కారణం వెతకాల్సిందే. మీది 7 శాతం. థైరాయిడ్, షుగరు, టీబీ, కడుపు, ప్రొస్టేట్ అన్నీ చూడాలి. అవేవీ లేకుంటే కండ కరుగుతోందేమో చూడాలి. 65 దాటాక కండే ఆస్తి. దగ్గర్లో స్విమ్స్ ఉంది, రుయా ఉంది, వాయిదా వేయొద్దు.

మామిడితోట (బంగారుపాళ్యం)
శనివారం, ఉదయం 6:45

సార్ రిపోర్టులు ఏమయినాయో రాయండి, ఎదురు చూస్తా ఉంటాం.

కోట జిమ్ము (చంద్రగిరి)
శనివారం, ఉదయం 9:20

అక్కా, వంట మా అమ్మే చేస్తుంది, ఒప్పుకుంటా. పోయిన నెల 10 తగ్గినా, ఈ నెల 6 మళ్ళీ వచ్చినాయి. అది రాయలేదు ముందు.

బరువు తగ్గడానికి వేసుకునే ఆ ఇంజెక్షన్లు ఎట్లా ఉంటాయి డాక్టర్ సార్? మా జిమ్ములో ఒకాయన వేసుకుంటున్నాడు.

గ్రీమ్స్‌పేట వైద్యుడు (చిత్తూరు)
శనివారం, మధ్యాహ్నం 1:40

నిజం రాసినందుకు నీకో మార్కు.

ఆ ఇంజెక్షన్ల మందు సెమాగ్లూటైడ్ గట్టిదే. గుండెజబ్బు ఉండి, షుగరు లేకుండా, బరువు ఎక్కువున్న 17 వేల మందికి పైగా మీద 2023లో వచ్చిన ఫలితాల్లో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు చావులు కలిపి 20 శాతం తగ్గాయి. కానీ ఆపేస్తే ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది ఇంకో అధ్యయనంలో. జిమ్ములో దొరికే మందు కాదు, చూసి రాయాల్సిన మందు. నీకు 24 ఏళ్ళకి అక్కర్లేదు.

2388 మెట్లు (తిరుపతి)
పన్నెండు రోజుల తర్వాత

థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందట. మాత్రలు మొదలుపెట్టారు. డాక్టరుగారికి రుణపడి ఉన్నాను. కొన్నాళ్ళు మెట్లు వద్దన్నారు, అదొక్కటే బాధ. అంగడి బాబూ, నా బదులు నువ్వెక్కు. శ్రీనివాసమంగాపురం వైపు శ్రీవారి మెట్టు అయితే 2388. అలిపిరి నుంచి 3550, చివర్లో నిట్టనిలువుగా ఉండే మోకాళ్ళ మిట్ట దగ్గర నీ సంగతి తేలుతుంది.

పాత్రల అంగడి (తిరుపతి, కొర్లగుంట)
అదే రోజు రాత్రి

పెద్దాయనా, మీరు త్వరగా కోలుకోవాల. అలిపిరిలో పోయిన ఆదివారం మొదలుపెట్టినా. మెట్ల మొదట్లో ఉండే తలయేరు గుండు అనే బండకి, మోకాళ్ళ నొప్పి రాకూడదని, మోకాళ్ళు ఆనించి మొక్కినా. రెండొందల మెట్లకే కళ్ళు తిరిగినాయి, దిగొచ్చేసినా. ఎవ్వరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తా ఉండా.

గ్రీమ్స్‌పేట వైద్యుడు (చిత్తూరు)
మరుసటి రోజు

నాయన 58కి పోయాడన్నారు. ముందు గుండె పరీక్ష, తర్వాత మెట్లు. అప్పటిదాకా యూనివర్సిటీ గ్రౌండులో సమతలంగా నడవండి. మోకాళ్ళ విషయానికొస్తే, బరువు కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. గుండుకి మొక్కండి, ఇది కూడా చూసుకోండి.

పాత్రల అంగడి (తిరుపతి, కొర్లగుంట)
అయిదు నెలల తర్వాత

మళ్ళీ వచ్చినా. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుందన్నారు. పితికిపప్పు అక్క చెప్పినట్టు నూనె కొలత ఇంట్లో పెట్టించినా. అంగడికి తెప్పించుకునే సాయంత్రం బోండా ఆదివారానికి మార్చినా. పొద్దున్నే గంట నడక, రాత్రి 8కల్లా తిండి. బరువు 82. నడుము 97. బీపీ 126/80. గురక తగ్గిందని మా ఆడమనిషి చెప్తా ఉంది, పగలు అంగట్లో కునికిపాట్లు కూడా పోయినాయి. మెట్లు గాలిగోపురం దాకా ఎక్కినా, మోకాళ్ళ మిట్ట ఇంకా బాకీ.

సందేహాల సుబ్బడు (చిత్తూరు)
అదే రోజు

భేష్ అన్నా. పాలసీ ఏమైంది?

పాత్రల అంగడి (తిరుపతి, కొర్లగుంట)
అదే రోజు

అప్పుడే తీసుకున్నా, ఎక్కువే కడతా ఉండా. మళ్ళీ పరీక్ష చేసి తగ్గిస్తారా అంటే "చూస్తాం సార్" అన్నారు. చూస్తా ఉండారు.

ఇంకో చిక్కొచ్చింది. పోయినేడు పాపకి సీటొస్తే నా ఎత్తు బెల్లం తులాభారం ఇస్తానని స్వామికి మొక్కుకోని ఉండా. అప్పుడు 88. వచ్చే వారం పోతా ఉండాం, ఇప్పుడు 82. మా అమ్మ ఆరు కిలోలు స్వామికి బాకీ పడినావంటా ఉంది. తూకంలో కూర్చుని 82 ఇయ్యాల్నా, 88 ఇయ్యాల్నా?

పితికిపప్పు (చిత్తూరు, కొంగారెడ్డిపల్లె)
అదే రోజు

88 ఇచ్చెయ్ అన్నా. ఆ ఆరు కిలోల బెల్లం ఇంట్లో ఉంటే నువ్వే తింటావు.